ఒకే గుడి, ఒకే నెత్తురు, రెండు లెక్కలు

(జనవరి 12, హుతాత్మల దినం నాడు షోలాపూర్ తూర్పు భాగంలో నేతపనివారి సభలో చేసిన స్మారకోపన్యాసం)



దేవుడి భయం లేకపోతే మనిషి పశువైపోతాడని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు. కాలేజీకి పోయే పిల్లలేమో, పశువులకూ నీతి ఉందట, అది కోతుల కాలం నుంచి మన ఒంట్లో దిగుతూ వస్తోందట అంటారు. అన్నాల దగ్గర మొదలై చేతులు కడుక్కునే లోపు తెగని ఈ తగాదాను ఇవాళ సభకు తెచ్చాను. హుతాత్మల పేరు మీద జరిగే ఉపన్యాసానికి ఇదేం విషయమని పిలిచినవాళ్లు కాస్త మొహమాటపడ్డారు. ఆ హుతాత్మల కథలోనే ఈ ప్రశ్న ఉందన్నాను.

1931 జనవరి 12న ఎరవాడ జైల్లో మల్లప్ప ధన్‌శెట్టిని, అబ్దుల్ రసూల్ కుర్బాన్ హుసేన్‌ను, జగన్నాథ్ శిందేను, శ్రీకిసన్ సార్డాను ఉరితీశారు. పేర్లు చదివితేనే తెలుస్తుంది, నలుగురూ ఒక ఇంటివాళ్లు కారు, ఒక పూజవాళ్లు కారు. ఆ ఉరికి దారితీసిన ముందటేడు మే నెల సంగతి మీకు తెలిసిందే. మే 5న గాంధీని అరెస్టు చేశారు. మిల్లు కార్మికులు బయటికొచ్చారు, రూపాభవాని గుడి దగ్గర కల్లు గీసే ఈతచెట్లు నరికారు, 8న కాల్పులు జరిగాయి. పోలీసు చౌకీ మీద దాడి జరిగింది, కోర్టు తగలబడింది, పోలీసుల ప్రాణాలూ పోయాయి. మన వీరుల కథ చెప్పేటప్పుడు ఈ చివరి సంగతి మింగేయడం నాకు నచ్చదు. ఆ తర్వాత అధికారులు ఊరు వదిలి తప్పుకున్నారు. 12న మార్షల్ లా వచ్చేదాకా షోలాపూర్‌లో సర్కారనేదే లేదు.

మత్స్యన్యాయం అని మన శాస్త్రాలు ఒక మాట చెప్తాయి. దండం పట్టుకున్న రాజు లేకపోతే పెద్ద చేప చిన్న చేపను మింగుతుందని దాని అర్థం. ఆ మూడు రోజులూ ఇక్కడ రాజు లేడు. కాంగ్రెస్ వాలంటీర్లు చౌరస్తాల్లో నిలబడి బండ్లను నడిపించారు, రాత్రిళ్లు కాపలా కాశారు. నిన్న నిప్పు పెట్టిన ఊరే ఇవాళ గస్తీ తిరిగింది. ఆ వాలంటీర్లలో గుడికి పోయేవాళ్లున్నారు, మసీదుకు పోయేవాళ్లున్నారు, ఎక్కడికీ పోనివాళ్లూ ఉండే ఉంటారు. వాళ్లను ఆ చౌరస్తాలో నిలబెట్టింది ఏమిటి?

మతం వైపు నుంచి మొదలుపెడతాను. ఈ ఊరు మతానికి చాలా రుణపడి ఉంది, దాన్ని ముందే ఒప్పుకోవడం మర్యాద. పన్నెండో శతాబ్దంలో సిద్ధరాముడు ఇక్కడ చెరువు తవ్వించాడు. ఆ చెరువు, దాని నడుమ గుడి ఇవాళ్టికీ ఊరి నడిబొడ్డున ఉన్నాయి. ఈ వారంలోనే ఆయన పేరున గడ్డా జాత్ర, నందిధ్వజాలు లేస్తాయి. దాహానికి కులం అడగని పని ఆ చెరువు. శూన్యసంపాదన అనే వీరశైవ గ్రంథంలో ఒక ఘట్టం ఉంది. అల్లమప్రభువు వచ్చి, ఎక్కడ మీ ఒడ్డరాముడు అని సిద్ధరాముణ్ని ఎగతాళి చేస్తూ అడుగుతాడు. మట్టి తవ్వించడంలో మునిగిపోయినవాడు ఆత్మను ఎప్పుడు తవ్వుకుంటాడని ఆయన ఆక్షేపణ. వీరశైవుల దృష్టిలో ఆ వాదంలో గెలుపు అల్లముడిదే. నా ఓటు మాత్రం చెరువుకే. తవ్విన ఒడ్డెవాళ్లను తక్కువ చేసి, ఆ పేరే తిట్టుగా వాడడం కూడా ఆ కథలోనే దాగి ఉంది, అది మరచిపోవద్దు.

ఇక మన పద్మశాలీల మార్కండేయుడు. యముడి పాశం పడబోతుంటే శివలింగాన్ని వాటేసుకున్న పదహారేళ్ల పిల్లవాడు. ఆయన కొడుకు భావనారుషి తామరతూడు దారంతో దేవతలకు బట్టలు నేశాడని మన పురాణం. ఆయన ఇల్లాలు భద్రావతి పేరు మన పేటకు పెట్టుకున్నాం. కరీంనగర్ నుంచి, ఓరుగల్లు నుంచి, నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి మూటలు కట్టుకొని మన తాతలు ఇక్కడికొచ్చినప్పుడు చేతిలో ఉన్నవి మగ్గం పని, ఈ కథ, అంతే. 1877లో మొదటి మిల్లు లేచింది. ఆ యేళ్లలోనే దక్కనంతా కరువు. పరాయి భాష ఊళ్లో కూలికి నిలబడ్డ మనిషికి, నీ తాత దేవతలకు బట్ట నేశాడని చెప్పే కథ తల ఎత్తుకునే ధైర్యం ఇస్తుంది. శ్రావణ పౌర్ణమికి కొత్త జంధ్యం వేసుకొని రథం వెంట నడిచే రోజున పేటలోని ప్రతి మనిషీ ఒక లెక్కలోకి వస్తాడు. ఆ కూడికలోంచే పద్మశాలీ శిక్షణ సంస్థ బళ్లు వచ్చాయి, మార్కండేయుడి పేరున సహకార రుగ్ణాలయం వచ్చింది. నాస్తికుడికి జ్వరమొస్తే ఆ ఆస్పత్రి మందు ఇవ్వకుండా పంపదు.

కాని ఒక కార్మికుడికి ఒక చద్దరుకు ఎంత ఇవ్వాలో మార్కండేయ పురాణం చెప్పదు. అది దాని పని కాదంటారా? అయితే నీతి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు అది సగం జవాబే.

చిత్రం చూడండి, మహాభారతమే ఈ మాట ఒప్పుకుంటుంది. శాంతిపర్వంలో జాజలి అనే ముని కదలకుండా తపస్సు చేశాడు. పిట్టలు జడల్లో గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా కదల్లేదు. ధర్మమంటే ఇదే, నేను సాధించానని మురిసిపోయాడు. ఆకాశవాణి ఆయన్ను కాశీలో సరుకులు తూచి అమ్ముకునే తులాధారుడి దగ్గరికి పంపింది. ఎవరికైనా ఒకే తూకం వేయడమే ఆ వర్తకుడి ధర్మం. అరణ్యపర్వంలో కౌశికుడు కంటిచూపుతో కొంగను కాల్చేసిన తపస్వి. బిచ్చానికి వచ్చి కాసేపు ఆగమంటేనే మండిపడ్డాడు. ఇంటి ఇల్లాలు, నేను కొంగను కానయ్యా అని జవాబిచ్చి, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలకు పో, మాంసం అమ్ముకునే వ్యాధుణ్ని అడుగు అంది. ఆమె పేరు కూడా కథ మనకు చెప్పలేదు. దేవుణ్ని నమ్మే గ్రంథమే ధర్మం నేర్చుకోడానికి తపస్సు చేసే అడవి నుంచి లేపి, తక్కెడ పట్టుకున్న అంగడికి పంపింది. హరికథలో ఈ రెండు కథలూ వినిపించడం తగ్గిపోయింది. ఎందుకో ఊహించగలను.

ఇక రెండో వైపు. డార్విన్ మనిషి పుట్టుక గురించిన పుస్తకం 1871లో వచ్చింది. కలిసి బతికే స్వభావం గట్టిగా ఉన్న ఏ జంతువుకైనా తెలివి మనిషంత పెరిగితే, తప్పొప్పుల స్పృహ కూడా తప్పక వస్తుందని ఆయన అందులో వాదించాడు. అంటే అంతరాత్మ అని మనం పిలిచేదానికి వేర్లు మందలో ఉన్నాయి. ఆ తర్వాత నూట యాభై ఏళ్లలో దీనికి ఆధారాలు చాలా దొరికాయి. నెత్తురు తాగి బతికే గబ్బిలాలు రెండు మూడు రాత్రులు తిండి లేకపోతే చస్తాయి. తాగొచ్చిన గబ్బిలం, ఆకలితో ఉన్న తోటి గబ్బిలానికి కక్కి పెడుతుంది. ఎక్కువగా తనకు ముందు పెట్టినదానికే పెడుతుందని 1984లో విల్కిన్సన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఏడాదిన్నర పిల్లలు, ముందున్న మనిషి చెయ్యి అందక ఇబ్బంది పడుతుంటే, ఎవరూ చెప్పకుండానే వెళ్లి వస్తువు తీసిస్తారని 2006లో జర్మనీలో పరీక్షించి చూశారు. ఆ వయసు పిల్లలకు ఏ పురాణం చెప్పి ఉంటారు?

గబ్బిలాల దాకా ఎందుకు, మన గుమ్మాల మీదే కనిపిస్తుంది. మధ్యాహ్నం పూట ఏ వాడలో నడిచినా ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతుంటారు. తునికాకు తడిపి, కత్తెరతో కొలతకు కత్తిరించి, తంబాకు వేసి చుట్టి, మూతి మడిచి దారం కడతారు. బీడీ కంపెనీ శాఖలో ఇచ్చిన ఆకు నాసిది వస్తే వెయ్యి బీడీలకు చాలదు. తక్కువ పడితే కూలిలో కోస్తారు. అప్పుడామె పక్కింటి వదినను రెండు పిడికిళ్ల ఆకు అడుగుతుంది. ఆ వదినా లేదనదు. ఎక్కడా రాసుకోరు, కాని మరచిపోరు. ఆకు బాగా వచ్చిన వారం అది తిరిగి వస్తుంది. రెండు మూడు సార్లు తీసుకొని ఒక్కసారీ ఇవ్వని ఇంటికి మెల్లగా ఆకు దొరకడం మానేస్తుంది, ఎవరూ పెద్దగా గొడవ చేయరు. 1971లో ట్రివర్స్ అనే శాస్త్రవేత్త ఇచ్చిపుచ్చుకునే సాయం ఎలా నిలుస్తుందో సిద్ధాంతం రాశాడు. ఆయన రాసిన షరతులు, అంటే మళ్లీమళ్లీ కలిసే మనుషులు, గుర్తుంచుకునే బుర్ర, మోసగాణ్ని దూరం పెట్టే పద్ధతి, మూడూ ఆ గుమ్మం మీద కూర్చుని ఉన్నాయి.

హాల్డేన్ అనే జీవశాస్త్రవేత్త కథ కూడా చెప్పాలి, అందులో మన తెలుగునాటికి వాటా ఉంది. ఇద్దరు అన్నదమ్ముల కోసమో ఎనిమిది మంది పినతండ్రి బిడ్డల కోసమో ప్రాణమిస్తానని ఆయన సరదాగా అన్నాడంటారు. నెత్తురు సంబంధం ఎంత దగ్గరో త్యాగం అంత అని దాని లెక్క. 1964లో హామిల్టన్ దాన్నే గణితంగా తేల్చాడు. ఆ ఏడాదే హాల్డేన్ భువనేశ్వర్‌లో పోయాడు. 1957లో ఇంగ్లండు వదిలి మన దేశానికొచ్చి ఇక్కడి పౌరుడైన మనిషి, తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చాడు. అన్నదమ్ములు, పినతండ్రి బిడ్డల లెక్కలో కాకినాడ వైద్య విద్యార్థులు ఎక్కడా తగలరు. సిద్ధాంతం చెప్పినవాడే దాని గీత దాటి పోయాడు.

డార్విన్ పుస్తకం వచ్చిన 1871లోనే ఇంగ్లీషువాళ్లు ఇంకో పని చేశారు. నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. ఆ చట్టాన్ని సమర్థిస్తూ వినిపించిన వాదన మీరు తప్పక వినాలి, అందులో మన ఊసు ఉంది. ఈ దేశంలో నేతపని, వడ్రంగం తరతరాలుగా కులవృత్తులు కదా, అలాగే దొంగతనం కూడా తరతరాల కులవృత్తిగా ఉన్నవాళ్లు ఉండి తీరాలి అన్నారు. మన మగ్గాన్ని సాక్ష్యంగా నిలబెట్టి ఇంకొకరి బిడ్డల్ని పుట్టుదొంగలని ముద్ర వేశారు. వాళ్లను బంధించిన పెద్ద సెట్లమెంట్లలో ఒకటి మన షోలాపూర్‌లోనే ఉండేది. చుట్టూ ముళ్లతీగ, రోజూ హాజరీ, పనికి మిల్లు. ఊళ్లో ఆ జాగాను ఇప్పటికీ సెట్లమెంట్ అనే అంటాం. కొన్నాళ్లు దాన్ని క్రైస్తవ మిషనరీల చేతికిచ్చారు. అంటే నెత్తురులో నేరం ఉందనే వాదన, మతబోధతో కడిగేస్తామనే వాదన ఒకే ముళ్లతీగ లోపల కాపురం చేశాయి. స్వతంత్రం వచ్చాక కూడా ఐదేళ్లు ఆగి, 1952 ఆగస్టు 31న దేశమంతటా వాళ్ల మీద ఆ ముద్ర తీసేశారు. పేటలో సైకిల్ పోతే ముందు అటువైపు చూసే అలవాటు మనలో ఎందరికి పోయిందో మీరే చెప్పాలి.

ఆంధ్రలో స్టువర్టుపురం ఇలాంటిదే. 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా వెలిసింది. 1970లలో అక్కడికి వెళ్లి ఇంటింటికీ తిరిగి, జైలుకీ కోర్టుకీ మధ్య బతుకుతున్న కుటుంబాలకు మరో దారి చూపిన జంట హేమలత, లవణం. ఆమె మహాకవి జాషువా కూతురు. ఆయన గోరా కొడుకు. ఇద్దరూ దేవుణ్ని నమ్మనివాళ్లు. నాస్తికులకు నీతి ఎక్కడిదని అడిగేవాళ్లకు నేను వాదన చెప్పను, స్టువర్టుపురం పేరు చెప్తాను. గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. తర్వాత గాంధీతో వాదిస్తూనే, కొన్నాళ్లు ఆయన ఆశ్రమంలో ఉంటూనే పనిచేశాడు. గోరా కూతురికి దళిత యువకుడితో పెళ్లి సేవాగ్రామంలో జరిపిద్దామని గాంధీ ఒప్పుకున్నాడు. దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పుకోవడానికీ ఒప్పుకున్నాడు. ఆయన హత్య తర్వాత 1948లో ఆ పెళ్లి అక్కడే జరిగింది. ఇద్దరి నమ్మకాలూ కలవలేదు, పీటల దగ్గర మాత్రం పేచీ రాలేదు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు చోటికి వస్తాను, అది మన కార్ఖాన. పడుగూ పేకా అంటూ ఉపమానం చెప్తానేమోనని భయపడకండి. నేసేవాళ్ల ముందు నేయనివాడు ఆ పోలిక తేకూడదు.

జకార్డు సాంచాల మీద చద్దర్లు దిగుతుంటాయి. పైన చిల్లుల కార్డుల గొలుసు తిరుగుతుంటుంది, కింద సాంచాల మధ్య ఒక మనిషి తిరుగుతుంటాడు. పోగు తెగితే అతుకుతాడు, కండె అయిపోతే మారుస్తాడు. మాట వినబడని మోత. లెక్క రోజున మాలక్ గద్దె మీద కూర్చుని పద్దు తీస్తాడు. ఎన్ని దిగాయి, ఎన్నింటికి నూనె మరక, ఎక్కడ పోగు తప్పింది, కోత ఎంత, పాత బాకీ కింద పట్టుకునేది ఎంత. బిడ్డ పెళ్లికని తీసుకున్న బాకీ తీరేదాకా ఆ మనిషి ఇంకో కార్ఖానకు పోలేడు. పద్దు పుస్తకం పైన గోడకు మార్కండేయుడి పటం, దానికి దండ.

కళ్ల బొమ్మ గోడకుంటే మనుషులు డబ్బాలో డబ్బు సరిగ్గా వేస్తారని 2006లో ఇంగ్లండులో ఒక విశ్వవిద్యాలయం టీ గదిలో పరీక్షించారు. పువ్వుల బొమ్మ పెట్టిన వారాల కంటే కళ్ల బొమ్మ పెట్టిన వారాల్లో దాదాపు మూడింతలు డబ్బు పడిందట. తర్వాత చేసినవాళ్లందరికీ ఫలితం అలాగే రాలేదు. దేవుడు చూస్తున్నాడన్న నమ్మకం పెద్ద ఊళ్లలో ముక్కూమొహం తెలియని మనుషుల్ని దారిలో పెట్టిందని కొందరు పండితులు అంటున్నారు. కావచ్చు. మన కార్ఖానల్లో మార్కండేయుడు నూరేళ్లుగా కళ్లు తెరిచే ఉన్నాడు. కోత ఆగలేదు.

ఈ ఊళ్లో మాలకూ పనివాడూ చాలాచోట్ల ఒకే కులం. శ్రావణ పౌర్ణమికి ఒకే రథం లాగుతారు. మగ్గాల కాలంలో కొందరు మాలక్‌ల ఇంట్లోనే, నేసే చోటే పనివాళ్లు పడుకునేవారు. ఇంటిపేరు కలుస్తుంది, వియ్యం కలుస్తుంది, మామా అంటే మామా అని పిలుచుకుంటారు. నీతి గుడి నుంచి దిగేదైతే, ఈ ఊళ్లో కూలి అన్ని ఊళ్ల కంటే న్యాయంగా ఉండాలి. నెత్తురు నుంచి దిగేదైనా అలాగే ఉండాలి, ఎందుకంటే తరాల తరబడి మనలో మనమే ఇచ్చిపుచ్చుకుంటున్నాం. రెండు సిద్ధాంతాలకూ ఇంతకంటే అనుకూలమైన చోటు దొరకదు. ఏ శాస్త్రవేత్తా పెట్టని ఈ పరీక్షను మనం రోజూ రాస్తున్నాం. ఫలితం మీకు తెలుసు. రేటు పెంచాలంటే సమ్మె చేయాల్సి వచ్చింది. ప్రావిడెంట్ ఫండ్ అన్న మాట ఎత్తితే ఏళ్ల తరబడి గొడవ నడిచింది. ఒకే గుడిలో ఒకే నెత్తురున్న ఇద్దరు మనుషులు ఒకే పద్దు పుస్తకాన్ని రెండు లెక్కలుగా చదివారు.

మాలక్‌లను తిట్టడానికి ఇది చెప్పడం లేదు. నూలు ధర, కరెంటు బిల్లు, పానీపత్ నుంచి షోలాపూర్ పేరుతోనే వచ్చే నకిలీ చద్దరు వాళ్ల గొంతు మీద ఎలా కూర్చున్నాయో నాకు తెలుసు. భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్లైనా నకిలీ ఆగలేదు. నా మాట వేరు. మంచివాడైన మాలక్‌కు కూడా, ఎవరూ అడగనంత కాలం, తన లెక్కే న్యాయమని తోస్తుంది.

ఇక్కడే కోతుల ప్రయోగం పనికొస్తుంది. 2003లో బ్రోస్నన్, డి వాల్ అనే శాస్త్రవేత్తలు చేశారు. పక్కపక్క బోనుల్లో రెండు కోతులు ఒకే పని చేస్తాయి. రెండింటికీ దోసముక్కే ఇస్తే తింటాయి. ఒకదానికి ద్రాక్షపండు ఇచ్చి రెండోదానికి దోసముక్క ఇస్తే, రెండోది చాలాసార్లు దాన్ని తీసుకోదు, ఒక్కోసారి మనిషి మీదికే విసిరికొడుతుంది. కోతికి న్యాయబుద్ధి ఉందని పేపర్లు రాశాయి. నాకు అందులో కొట్టొచ్చినట్టు కనిపించింది ఇంకొకటి. విసిరింది దోసముక్క చేతికొచ్చిన కోతి. ద్రాక్షపండు దొరికిన కోతి తింటూ కూర్చుంది. లక్షల ఏళ్ల పరిణామం మనకు ఇచ్చిన న్యాయబుద్ధి తక్కువ వచ్చినవాడిలో నిప్పులా మండుతుంది, ఎక్కువ వచ్చినవాడిలో నిద్రపోతుంది. మతం ఆ నిద్రపోయేవాణ్ని కుదపాలని చూసింది, పాపం అంది, నరకం అంది, దానం చేయమంది. ఆ దానంతో బడి వచ్చింది, సత్రం వచ్చింది, రేటు మాత్రం పెరగలేదు. దోసముక్క వచ్చినవాడి గొంతు ద్రాక్ష తినేవాడి చెవికి చేరేలా ఏదో ఒక ఏర్పాటు ఉన్నప్పుడే ఆ న్యాయబుద్ధి ఇద్దరి నీతిగా మారుతుంది. తులాధారుడి తక్కెడ అలాంటి ఏర్పాటే. కొనేవాడి కళ్ల ముందు తూచాలి. కౌశికుడికి పాఠం చెప్పింది కూడా, నిలబెట్టి తిట్టబోతే ఎదురు మాట్లాడిన ఇల్లాలే. మతం గొప్పగా పనిచేసిన ప్రతి చోటా ఇలా ఎదురాడిన గొంతు ఒకటి కనిపిస్తుందని నా అభిప్రాయం. సెట్లమెంట్‌లో ఆ గొంతుకు చోటే లేదు, హాజరీ చెప్పడానికి తప్ప నోరు విప్పనివ్వలేదు. మిషనరీల మంచితనం అక్కడ ఎందుకు చాలలేదో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన ఊళ్లో ఆ గొంతు గట్టిగా వినిపించింది బీడీలు చుట్టే ఆడవాళ్లది. గుమ్మం మీద రెండు పిడికిళ్ల ఆకు దగ్గర మొదలైన లెక్క పోయి ఊరి పక్కన కుంభారిలో ఇళ్లుగా నిలబడింది. కార్మిక నాయకుడు ఆడం నర్సయ్య మాస్తరు, సీటూ సంఘం ఏళ్ల పాటు మోర్చాలు తీశాక, 2006 సెప్టెంబరు 1న ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి పదివేల ఇళ్ల కాలనీ ఇచ్చి వెళ్లారు. కేంద్రం కొంత, రాష్ట్రం కొంత, చుట్టినామె కొంత వేసి కట్టుకున్నవి. కాలనీకి గోదావరి పరుళేకర్ పేరు పెట్టారు. 1945లో ఠాణా అడవుల్లో వార్లీ ఆదివాసులను వెట్టికి ఎదురు నిలబెట్టిన కమ్యూనిస్టు ఆమె. గుడికి దూరం. ఆమె పేరున్న కాలనీలో గుమ్మానికి పసుపు రాయని ఇల్లు అరుదు. మన పద్మశాలీ అక్కల పక్కింట్లో కన్నడం మాట్లాడే లింగాయతు అవ్వ, ఎదురింట్లో ముస్లిం చెల్లెలు. గుడి వేరు, నెత్తురు వేరు. కలిపింది ఒకే శాఖ ముందు నిలబడ్డ వరస. బీడీలు ఏరి పారేసినప్పుడు అందరికీ ఒకేలా పడ్డ దెబ్బ. పది మంది ఇంటిపేర్లు కలిసిన కార్ఖానలో పుట్టని న్యాయం పదివేల మంది ఏ ఇంటిపేరూ కలవని చోట ఇల్లు కట్టుకుంది. దీన్ని బట్టి నాకు ఒకటి గట్టిగా తోస్తుంది. ఎవరు నా మనిషి అన్నది నెత్తురూ పూజా మొదట గీసి ఇస్తాయి. ఆ గీతను జరిపేది మాత్రం కలిసి చేసిన పని, కలిసి తిన్న దెబ్బ.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, నేనే చెప్తాను. ఏ దెబ్బా కలిసి తినని వాళ్ల కోసం వెళ్లినవాళ్ల మాటేమిటి? మన షోలాపూర్‌లోనే 1910లో పుట్టిన ద్వారకానాథ్ కోట్నీస్ 1938లో మరో నలుగురు డాక్టర్లతో చైనాకు పోయాడు. యుద్ధంలో గాయపడ్డ సైనికులకు కోతలు వేస్తూ, కుట్లు వేస్తూ 1942 డిసెంబరు 9న ముప్పై రెండేళ్లకే అక్కడే చనిపోయాడు. చైనావాళ్లు ఆయనకు బంధువులు కారు, మళ్లీ తిరిగి సాయం చేస్తారన్న లెక్కా లేదు. పరాయి సైన్యం కింద నలిగే దేశం ఎలా ఉంటుందో ఆయనకు ఇక్కడే, ఈ ఊళ్లోనే తెలిసింది కాబట్టి వెళ్లాడని నేను అనుకుంటాను. 1930లో మార్షల్ లా చూసిన ఊరివాడు కదా. ఇది రుజువు చేయలేను. ఇంకా మంచి జవాబు ఉన్నవాళ్లు చెప్తే వింటాను.

రెండో అభ్యంతరం సంఘం వాళ్ల నుంచే రావాలి, రావడం లేదు. సంఘానికి కూడా ఒక గీత ఉంటుంది. సాంచా నడిపేవాడి రేటు గురించి మోర్చా తీస్తాం. ఆ సాంచాకు కండెలు చుట్టి ఇచ్చే ఆడమనిషి రేటు ఆ కోరికల పత్రంలో ఎన్నో నంబరు? చాలాసార్లు ఆమె పేరే పద్దులో ఉండదు. పెనిమిటి లెక్కలో కలిసిపోతుంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల చుడితే అసలు లెక్కే లేదు. గుడి కమిటీ ఆమెను అడగలేదు, కులపంచ్ అడగలేదు, మన సంఘమూ అడగలేదు. ఈ సభలో వెనక వరసల్లో కండెలు చుట్టే అక్కలు కూర్చున్నారని నాకు చెప్పారు. కిలో నూలుకు ఎంతిస్తున్నారో, ఎవరి చేతికిస్తున్నారో వాళ్లు చెప్తేనే సంగతి ముందుకు సాగుతుంది. మైకు అటు పంపండి. నేను కూర్చుంటాను.